స్టీరియో మార్చకుండా కారులో శాటిలైట్ రేడియో: ఏ దారి ఎవరికి?

పోయిన నెల మా అపార్ట్‌మెంట్లలోనే ఉండే తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, 2010 క్యామ్రీ ఒకటి తీసుకున్నా. శాటిలైట్ రేడియో పెట్టిద్దామని షాపుకెళ్తే, స్టీరియో పీకేసి కొత్తది బిగించాలి, అన్నీ కలిపి ఎనిమిది వందల డాలర్లు అవుతుందంటున్నారు. పెట్టించేయమంటావా?" నేను అడిగింది ఒక్కటే, ముందు సీట్ల మధ్యలో ఎక్కడైనా హెడ్‌ఫోన్ పిన్ను పట్టే చిన్న గుండ్రటి రంధ్రం ఉందా అని. ఉందన్నాడు. అయితే ఎనిమిది వందలు అక్కర్లేదు, అందులో నాలుగో వంతుతో పని అయిపోతుంది, సాయంత్రం కారు తీసుకురా చూద్దాం అన్నాను.

నేను మెకానిక్‌ని కాదు. డాలస్‌లో ఉంటాను, ఉద్యోగం కంప్యూటర్ల మీద, కాకపోతే నా పాత 2005 అకార్డ్‌లో ఈ రేడియో పెట్టడానికి ఒక్కో పద్ధతీ ప్రయత్నించి, రెండుసార్లు డబ్బు తగలేసి, మూడోసారికి ఓ దారికొచ్చాను. అప్పటి నుంచి తెలిసినవాళ్లంతా ఈ ప్రశ్న నన్నే అడుగుతారు. అడిగే తీరులోనే పొరపాటు ఉంటుంది, "ఏ రేడియో కొనాలి?" అంటారు. శాటిలైట్ రేడియో అంటే నెలనెలా చందా కట్టి, ఉపగ్రహం నుంచి నేరుగా వినే చానెళ్లు. ఇప్పుడు దొరికే కొత్త రేడియోలు అన్నీ ఇంచుమించు ఒకటే, అందరికీ అదే కంపెనీ, సిరియస్‌ఎక్స్‌ఎం, అవే ఉపగ్రహాలు, అవే చానెళ్లు. ఆ రేడియో నుంచి వచ్చే శబ్దం మీ కారుతో పాటు వచ్చిన స్టీరియోలోకి ఏ దారిన వెళ్తుందన్నదే చూసుకోవాలి. ఖర్చయినా, శబ్దం నాణ్యతైనా, తలనొప్పైనా అక్కడే తేలుతుంది.

ఇదంతా అమెరికాలో ఉన్నవాళ్ల కోసం, కొంతవరకు కెనడాలో ఉన్నవాళ్ల కోసం. ఇండియాలో కార్లకు ఇలాంటి సర్వీసు లేదు, ఇక్కడి రేడియో అక్కడికి పట్టుకెళ్తే పేపర్ వెయిట్‌గా తప్ప పనికిరాదు. వరల్డ్‌స్పేస్ అనే ఒకప్పటి శాటిలైట్ రేడియో గుర్తున్నవాళ్లు ఉంటారు, ఏ.ఆర్.రెహమాన్ ప్రచారం చేసేవారు, తెలుగుకి స్పందన అని ఓ చానెల్ ఉండేది. హైదరాబాద్‌లో ఆగ్నేయం వైపు కిటికీ ఉన్న గది వెతుక్కుని, యాంటెన్నా పలకని అటూ ఇటూ తిప్పి సిగ్నల్ గీతలు లెక్కపెట్టుకోవడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. అది 2009 డిసెంబరు 31తో ఇండియాలో ఆగిపోయింది. అదెప్పుడూ ఇళ్లలో రేడియోగానే మిగిలింది, కార్లలోకి రాలేదు. ఎందుకంటే కదిలే కారుకి అందాలంటే నగరాల్లో భవనాల మధ్య నేల మీద కూడా రిపీటర్లు, అంటే సిగ్నల్ అందుకుని తిరిగి పంపే టవర్లు, పెట్టాలి, అమెరికాలో అదే చేశారు.

కొనే ముందు కారులో ఇప్పటికే ఉందేమో చూడండి. నవ్వకండి, డబ్బు పెట్టి రేడియో కొనుక్కున్నాక తన కారులోనే ఒకటి ఉందని తెలుసుకున్న మనిషి నాకు తెలుసు. స్టీరియో మీద SAT అనో, XM అనో, సిరియస్ అనో బటన్ ఉంటే నొక్కండి. కొన్ని కార్లలో బ్యాండ్ బటన్‌నే ఎఫ్‌ఎం దాటేదాకా నొక్కుతూ పోవాలి. చానెల్ సున్నాకి వెళ్తే రేడియో ఐడీ అనే అక్షరాలు, అంకెల కోడ్ కనిపించాలి. కనిపించిందంటే ట్యూనర్, అంటే ఆ సిగ్నల్ పట్టే పెట్టె, లోపలే ఉంది, మీరు చేయాల్సింది చందా కట్టి ఆ కోడ్ చెప్పడమే. వాడిన కారు కొన్నా సరే, వాళ్లతో ఒప్పందం ఉన్న డీలర్ దగ్గరైతే మూడు నెలల ఉచిత ట్రయల్ వస్తుంది, అడక్కపోతే చాలామంది డీలర్లు గుర్తు చేయరు. బటన్ ఉండి, నొక్కితే ట్యూనర్ లేదన్న అర్థంలో ఏదో మెసేజ్ వచ్చి ఆగిపోతే, స్టీరియో సిద్ధంగా ఉంది కానీ లోపల పెట్టె పెట్టలేదని. ఆ సంగతి కింద చెప్తాను.

దీనికి చిన్న చరిత్ర ఉంది, పాత సామాను కొనేవాళ్లకి పనికొస్తుంది. మొదట రెండు కంపెనీలు ఉండేవి. ఎక్స్‌ఎం 2001 సెప్టెంబరు 25న మా డాలస్‌లో, సాన్ డియేగోలో మొదలైంది. సిరియస్ 2002లో వచ్చింది. ఇద్దరూ తలపడి, అప్పులపాలై, 2008 జులైలో ఒకటైపోయారు. కంపెనీ ఒకటైంది కానీ అప్పటికే అమ్మిన రేడియోలు ఒకటి కాలేదు, పాత ఎక్స్‌ఎం పెట్టె సిరియస్ సిగ్నల్ పట్టదు, సిరియస్ పెట్టె ఎక్స్‌ఎం పట్టదు. హోండా, జీఎం ఎక్స్‌ఎం వైపు, ఫోర్డ్, క్రైస్లర్, బీఎండబ్ల్యూ సిరియస్ వైపు ఉండేవి. కాబట్టి ఎవరో గ్యారేజ్ సేల్‌లో ఇరవై డాలర్లకి పాత కారు ట్యూనర్ ఇస్తానంటే, అది మీ కారు కంపెనీ ఏ వైపు ఉండేదో దానికి సరిపోతుందో లేదో చూడకుండా తీసుకోకండి.

ఇక రెండో ప్రశ్న, అసలు మీకు ఉపగ్రహం కావాలా? ఇక్కడ కొంతమందికి కోపం వస్తుంది కానీ చెప్పక తప్పదు, సిరియస్‌ఎక్స్‌ఎం చానెళ్లు వినాలన్నదే కోరికైతే చాలామందికి ఫోన్‌లో యాప్ చాలు. 2023 డిసెంబరులో కొత్త యాప్ తెచ్చినప్పుడు యాప్ ఒక్కదానికే నెలకు 9.99 డాలర్ల ప్లాన్ పెట్టారు. పెట్టె లేదు, యాంటెన్నా లేదు, వైర్లు లేవు. శబ్దం కూడా ఉపగ్రహం ద్వారా వచ్చేదానికన్నా శుభ్రంగానే ఉంటుంది. వందకు పైగా చానెళ్లని ఇరుకు బ్యాండ్‌లో కుక్కుతారు కాబట్టి ఉపగ్రహ సంగీతం కొంచెం నలిగినట్టు, సన్నటి పై శబ్దాలు సిమెంటు నేల మీద ఇసుక రాసినట్టు వినిపిస్తుంది. మాటల చానెళ్లకి, వార్తలకి, ఆటల కామెంటరీకి ఆ తేడా తెలియదు. డేటా సంగతి అంటారా, 128 కేబీపీఎస్ స్ట్రీమ్ గంటకు 58 ఎంబీ దాకా తింటుంది, ఈ రోజుల్లో అదో లెక్క కాదు.

మరి ఉపగ్రహం ఎవరికి? ఫోన్ సిగ్నల్ లేని చోట బండి నడిపేవాళ్లకి. ఇర్వింగ్ నుంచి ప్లేనోలో ఆఫీసుకి వెళ్లొచ్చేవాళ్లకి అక్కర్లేదు. హ్యూస్టన్ పక్క పియర్లాండ్ మీనాక్షి గుడికి ఐ-45 మీద వెళ్లినా అక్కర్లేదు, దారంతా టవర్లే. బిగ్ బెండ్ వెళ్లండి, పశ్చిమ టెక్సస్‌లో ఐ-10 దిగి లోపలి రోడ్లు పట్టుకోండి, న్యూ మెక్సికో, యూటా, వయోమింగ్ వైపు లాంగ్ వీకెండ్ ట్రిప్ వేయండి, గంటల తరబడి ఫోన్ మీద ఒక్క గీత ఉండదు. అక్కడ రేడియో మాత్రం నిక్షేపంగా పాడుతూనే ఉంటుంది. ట్రక్కులు నడిపే మనవాళ్లు, ఆయిల్ ఫీల్డ్ సైట్లకి తిరిగేవాళ్లు, ఊరి బయట ఐదెకరాలు కొనుక్కుని కాపురం పెట్టినవాళ్లు, ఫోన్ జోలికి పోకుండా మీట తిప్పగానే పాట రావాలనుకునే పెద్దవాళ్లు, వీళ్లకి పెట్టె కొనడంలో అర్థముంది. తెలుగు పాటల కోసమైతే మాత్రం కొనకండి, ఉపగ్రహం మీద తెలుగు చానెల్ లేదు. మన పాటలు ఎలాగూ ఫోన్‌లోనే వినాలి, అలాంటప్పుడు ఆ ఫోన్‌ని స్టీరియోకి కలిపే ఆక్స్ వైరో (మొదట చెప్పిన ఆ గుండ్రటి రంధ్రం పేరే ఆక్స్) బ్లూటూతో ముందు సరిచేసుకుంటే సగం మందికి రేడియో కోరిక అక్కడితో తీరిపోతుంది.

సరే, ఉపగ్రహమే కావాలని తేల్చుకున్నారు. ఇప్పుడు దారులు.

అన్నిటికన్నా తేలిక డాకింగ్ రేడియో, అంటే డ్యాష్‌బోర్డ్ మీద అతికించుకునే చిన్న పెట్టె, ఓనిక్స్ ఈజీఆర్ లాంటిది. లైటర్ సాకెట్ నుంచి కరెంటు, పైకప్పు మీద అయస్కాంతం యాంటెన్నా, పాట స్టీరియోకి చేరడానికి ఎఫ్‌ఎం గానీ ఆక్స్ గానీ. పెట్టె ఒకటే అయినా ఈ చివరి అడుగులో ఏది ఎంచుకున్నారన్న దాన్ని బట్టి అనుభవం స్వర్గం నరకం అంత తేడా.

ముందు నరకం చెప్తాను. రేడియో తనే ఓ చిన్న ఎఫ్‌ఎం స్టేషన్‌లా మారి, ఖాళీగా ఉన్న ఫ్రీక్వెన్సీ మీద పాట వదులుతుంది, మీ స్టీరియోలో ఆ ఫ్రీక్వెన్సీ పెట్టుకుంటే వినిపిస్తుంది. తొలినాళ్లలో ఈ ట్రాన్స్‌మిటర్లు గట్టిగానే పనిచేసేవి. ఎంత గట్టిగా అంటే, ట్రాఫిక్ లైట్ దగ్గర ఆగితే, వద్దన్నా పక్క కారులోని శాటిలైట్ చానెల్ మీ ఎఫ్‌ఎంలో దూరేది. 2006లో ఎఫ్‌సీసీ, అంటే అమెరికాలో రేడియో ప్రసారాల్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ, పట్టుకుంది, పరిమితి దాటుతున్నాయని తేలిన కొన్ని మోడళ్ల సరఫరా కంపెనీలు ఆపేయాల్సి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన పద్ధతి పవర్‌కనెక్ట్, పాటని గాల్లోకి కాకుండా లైటర్ సాకెట్ వైర్ గుండా కారు వైరింగ్‌లోకి పంపి యాంటెన్నా దాకా చేరుస్తుంది. చట్టానికి లోబడే ఉంటుంది, అందుకే బలహీనంగానూ ఉంటుంది. పెద్ద నగరంలో ఖాళీ ఫ్రీక్వెన్సీ దొరకడమే గగనం. నేను డాలస్‌లో అరగంట వెతికి ఒకటి పట్టుకుని, ఐ-35 మీద ఆస్టిన్ బయల్దేరితే వేకో దగ్గరికొచ్చేసరికి పాట మధ్యలో ఓ పాస్టర్ గారి ప్రసంగం మొదలైంది, ఇద్దరూ కలిసి కాసేపు జుగల్‌బందీ చేశారు. వంద మైళ్లకోసారి ఫ్రీక్వెన్సీ మార్చుకోవాలి, అదీ రెండు చోట్ల, రేడియోలో ఒకసారి, స్టీరియోలో ఒకసారి, డెబ్బై ఐదు మైళ్ల వేగంలో. ఊరి బయట ఎఫ్‌ఎం స్టేషన్లు తక్కువున్న చోట ఉండేవాళ్లకి ఫర్వాలేదు. నగరంలో ఉండేవాళ్లు ఇది పెట్టుకోవద్దు, అంతే.

ఎఫ్‌ఎంలోనే కాస్త మర్యాదైన దారి ఒకటుంది, ఎఫ్‌ఎం డైరెక్ట్ అడాప్టర్. స్టీరియో బయటికి లాగి, వెనక యాంటెన్నా వైర్ ఎక్కే చోట మధ్యలో ఈ చిన్న డబ్బా పెడతారు. శాటిలైట్ రేడియో ఆన్ చేయగానే అది బయటి యాంటెన్నాని తెంపేసి పాటని నేరుగా వైర్‌లోంచి పంపుతుంది, కాబట్టి పాస్టర్ గారు దూరే అవకాశం దాదాపు ఉండదు. శబ్దం మామూలు ఎఫ్‌ఎం స్టేషన్ అంత. ఆక్స్ లేని పాత కార్లకి నేను చెప్పేది ఇదే. నా అకార్డ్‌లో చివరికి నిలిచింది కూడా ఇదే. కాకపోతే స్టీరియో బయటికి తీయడం చేతకావాలి, కొన్ని యూరప్ కార్లలో యాంటెన్నా పిన్ను వేరే ఆకారంలో ఉంటుంది, దానికి మరో అడాప్టర్. అద్దంలో దాచిన యాంటెన్నాలు రెండు మూడు ఉండే కార్లలో ఒక్క వైర్ తెంపితే సరిపోదు, అలాంటి కారైతే ఈ ఆలోచన మానుకోండి.

క్యాసెట్ ప్లేయర్ ఉన్న బండి ఇంకా నడుపుతుంటే మీరు అదృష్టవంతులు, నిజంగానే. పది డాలర్ల క్యాసెట్ అడాప్టర్ ఎఫ్‌ఎం కన్నా బాగా వినిపిస్తుంది. వైర్ వేలాడుతుంది, కొన్ని ప్లేయర్లు టేపు అయిపోయిందనుకుని పదే పదే వైపు మారుస్తుంటాయి, ఓర్చుకోవాలి.

స్వర్గం అంటే ఆక్స్. పిన్ను గుచ్చు, విను. 3.5 మి.మీ. వైర్ ఒకటి, ఐదు డాలర్లు. నా లెక్కలో డబ్బుకి తగ్గ ఫలితం ఇచ్చేది ఇదొక్కటే, మిగతావన్నీ ఇది లేనివాళ్ల తంటాలు. ఒకే ఒక్క చిక్కు, రేడియో కరెంటూ ఆక్సూ రెండూ కారు నుంచే తీసుకుంటున్నప్పుడు కొన్ని కార్లలో ఇంజిన్ వేగంతో పాటు పెరిగే గుయ్ మనే కూత వస్తుంది. ఆక్స్ వైర్‌కి మధ్యలో పెట్టే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న ముక్క పది పదిహేను డాలర్లకి దొరుకుతుంది, పెట్టగానే కూత ఆగుతుంది. ఇంకోటి, రేడియో వాల్యూమ్ తక్కువ పెట్టి స్టీరియో వాల్యూమ్ పెంచితే సరసరమంటూ ఉంటుంది. రేడియో వైపు అవుట్‌పుట్ లెవెల్ పెంచుకోండి.

ఆక్స్ లేకపోయినా బ్లూటూత్‌లో పాటలు వినిపించే స్టీరియో ఉంటే, బ్లూటూత్ ద్వారా పంపే రోడీ బీటీ లాంటి రేడియో ఉంది. వైరు తగ్గుతుంది. జాగ్రత్త, 2010 చుట్టుపక్కల కార్లలో బ్లూటూత్ అని రాసుంటుంది కానీ అది ఫోన్ మాట్లాడుకోవడానికే, పాట రాదు. ముందు మీ ఫోన్‌తో పాట పెట్టి చూసుకుని అప్పుడు కొనండి. ఇంకో ఇబ్బంది, స్టీరియో ఒకసారికి ఒక్క ఫోన్ పాటే తీసుకునే రకమైతే రేడియో ఒకటి, మీ ఫోన్ ఒకటి పోట్లాడుకుంటాయి. అందుకే రెండూ ఉన్న కారులో నేను ఆక్స్‌కే ఓటేస్తాను.

డ్యాష్‌బోర్డ్ మీద ఏ పెట్టే కనపడకూడదు, ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండాలి అనేవాళ్లకి వేరే దారి. స్టీరియో వెనక సీడీ చేంజర్ కోసమో శాటిలైట్ కోసమో ఓ ఖాళీ పోర్ట్ ఉంటుంది. దానికి ఇంటర్‌ఫేస్ అడాప్టర్ అనే పెట్టె తగిలించి, దానికి ఎస్‌ఎక్స్‌వీ300 అనే ట్యూనర్ కలిపితే, మీ స్టీరియో మీదున్న SAT బటన్‌కి ప్రాణం వస్తుంది. చానెల్ పేరు ఫ్యాక్టరీ తెర మీదే కనిపిస్తుంది, స్టీరింగ్ మీదున్న బటన్లు పనిచేస్తాయి, ట్యూనర్ డ్యాష్‌బోర్డ్ లోపల ఎక్కడో ఉంటుంది. పైన చెప్పిన మెసేజ్ ఇచ్చి ఆగిపోయే బటన్ గుర్తుందా, అది ఇలాంటివాళ్ల కోసమే. అందంగా ఉంటుంది, నాకూ మనసు పీకింది. కానీ అడాప్టర్, ట్యూనర్, పెట్టించే కూలీ కలిపితే మూడు వందలు సులువుగా దాటుతుంది. అడాప్టర్ మీ కారు మోడల్‌కి, సంవత్సరానికి, కొన్నిసార్లు స్టీరియో రకానికి కూడా విడిగా ఉంటుంది. నావిగేషన్ ఉన్న స్టీరియోకి ఒకటి, లేనిదానికి ఇంకొకటి. వెనక సీటు డీవీడీ ప్లేయర్ ఆ పోర్ట్ వాడేసుకుంటే మరో గొడవ. బీఎండబ్ల్యూ, మెర్సిడెస్, ఆడీ లాంటివాటిలో స్టీరియోలోని భాగాలు ఒకదానితో ఒకటి ఫైబర్ ఆప్టిక్ తీగ మీద మాట్లాడుకునే మోడళ్లు ఉన్నాయి. వాటిని మామూలు వైర్లలా కత్తిరించి అతికించడం కుదరదు, తెలిసినవాళ్లతోనే చేయించాలి. ఇంకో ఐదారేళ్లు ఉంచుకుంటాను అనుకునే కారుకే ఈ ఖర్చు పెట్టండి.

చివరిది తమ్ముడికి షాపులో చెప్పింది, స్టీరియో మార్చేయడం. ఇది చెడ్డ పని అనను, రేడియో కోసమే అయితే అనవసరం అంటాను. పయొనీర్, కెన్‌వుడ్, ఆల్పైన్ లాంటి కంపెనీల హెడ్ యూనిట్లలో, అంటే బయట కొనే స్టీరియోల్లో, సిరియస్‌ఎక్స్‌ఎం రెడీ అని రాసుంటే, అదే ఎస్‌ఎక్స్‌వీ300 ట్యూనర్ వెనక గుచ్చితే చాలు, అడాప్టర్లతో పనిలేదు. శబ్దం మొత్తంగా మెరుగుపడుతుంది, బ్లూటూత్, ఫోన్ యాప్‌లని కారు తెర మీదకి తెచ్చే కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో, వెనక కెమెరా తెర అన్నీ ఒకేసారి వస్తాయి. వెటకారం ఏమిటంటే, కార్‌ప్లే వచ్చాక యాప్ నేరుగా తెర మీదకే వస్తుంది కాబట్టి, సగం మంది ఆ ట్యూనర్ కొనడమే మర్చిపోతారు.

కానీ అన్ని కార్లలో ఇది తేలిక కాదు. 2010 క్యామ్రీలో స్టీరియో డబుల్ డిన్ అనే మామూలు స్టాండర్డ్ సైజు, నాలుగు బోల్టులు విప్పితే వచ్చేస్తుంది. నా 2005 అకార్డ్‌లో స్టీరియో, ఏసీ కంట్రోళ్లు ఒకే పలకలో కలిపేశారు. మార్చాలంటే ఏసీ మీటల్ని వేరే చోటికి జరిపే ప్రత్యేక డ్యాష్ కిట్ కావాలి, తర్వాత చూడ్డానికి ఎవరో పిల్లాడు అట్టముక్కతో చేసినట్టు ఉంటుంది. బోస్, జేబీఎల్ ఆంప్లిఫయర్‌తో వచ్చిన కార్లకి వేరే ఇంటర్‌ఫేస్, స్టీరింగ్ బటన్లు పనిచేయాలంటే ఇంకొకటి. కొత్త కార్లలో తలుపు తాళాలు, లైట్ల సెట్టింగులు కూడా ఆ తెరలోనే ఉంటాయి, వాటిని తాకకండి. లీజు కారైతే ఒక్క స్క్రూ కూడా విప్పొద్దు, ఆక్స్ దగ్గరే ఆగండి. ఏ కారుకి ఏ కిట్, ఏ హార్నెస్ (వైర్ల కట్ట) సరిపోతుందో తెలుసుకోవడానికి క్రచ్‌ఫీల్డ్ సైట్‌లో కారు మోడల్ కొట్టి చూడండి, అక్కడ కొన్నా కొనకపోయినా మీ కారులో ఎంత పని ఉందో అర్థమవుతుంది.

యాంటెన్నా గురించి ఎవరూ చెప్పరు కానీ సగం ఫిర్యాదులు అక్కడివే. ఉపగ్రహాలు భూమధ్యరేఖ పైన దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉన్నాయి, మన దగ్గర్నుంచి చూస్తే దక్షిణం వైపు. కాబట్టి యాంటెన్నాకి పైన ఆకాశం కనపడాలి. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద ముక్క, కింద అయస్కాంతం, పైకప్పు మధ్యలో వెనక వైపుగా, అంచుకి కాస్త దూరంగా పెట్టండి. ఉక్కు కప్పు అయస్కాంతానికే కాదు, సిగ్నల్‌కీ సాయం చేస్తుంది. అల్యూమినియం బాడీకి, పైకప్పంతా అద్దమైన కార్లకి అయస్కాంతం అంటుకోదు, అతికించుకోవాలి. కనపడకూడదని డ్యాష్‌బోర్డ్ కింద దాస్తే ఇనుము, వేడిని ఆపే పూత ఉన్న అద్దం కలిసి సిగ్నల్ మింగేస్తాయి, ఉత్తరం వైపు వెళ్తున్నప్పుడు మాత్రమే పాట ఆగుతోందని ఆశ్చర్యపోతుంటారు. వైర్ ఇరవై అడుగులకు పైనే ఉంటుంది, దాన్ని వెనక అద్దం రబ్బరు కిందుగా డిక్కీలోకి దించి, అక్కడి నుంచి తలుపు గడపల ప్లాస్టిక్ పట్టీల కింద ముందుకు తేవాలి. డిక్కీ మూత మడిచే చోట వైర్ నలగకుండా చూసుకోండి. నాది మొదటి యాంటెన్నా అక్కడే చచ్చింది, రెండు వారాలు రేడియోనే తిట్టుకున్నాను. మిగిలిన వైర్‌ని గుండ్రంగా చుట్టి ముడేయండి, కత్తిరించకండి. అండర్‌గ్రౌండ్ పార్కింగ్‌లో, పొడుగు సొరంగాల్లో ఎంత మంచి యాంటెన్నా పెట్టినా పాట రాదు, అది మామూలే.

కరెంటు సంగతి కూడా ఒక్క మాట. కొన్ని బండ్లలో, ముఖ్యంగా ట్రక్కుల్లో, లైటర్ సాకెట్‌కి తాళం తీసేసినా కరెంటు వస్తూనే ఉంటుంది. మా బావమరిది ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో బండి వదిలి ఇండియా వెళ్లొచ్చాడు, మూడు వారాల తర్వాత బ్యాటరీ అయిపోయి తలుపు కూడా తెరుచుకోలేదు. తాళం తీశాక రేడియో తెర వెలుగుతోందేమో చూడండి, వెలిగితే పిన్ను పీకేసి దిగండి.

పెట్టె ఒకసారి ఖర్చు, చందా ప్రతి నెలా ఖర్చు, అందుకే దాని లెక్క పెట్టె కన్నా ముందు చూసుకోవాలి. ప్రకటనలో కనపడే ధర మొదటి కొన్ని నెలలకే, దాని మీద మ్యూజిక్ రాయల్టీ ఫీజు, పన్నులు అని ఉండొచ్చు, కొత్త రేడియో యాక్టివేషన్‌కి విడిగా ఫీజు ఉండొచ్చు. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు "అన్నీ కలిపి నా కార్డు మీద నెలకు ఎంత పడుతుంది, ఆఫర్ అయ్యాక ఎంత?" అని రెండు అంకెలూ చెప్పించుకోండి. పూర్తి ధర ఎవరూ కట్టరని ఇక్కడ పాతవాళ్లంతా అంటారు, బేరం నిజంగానే నడుస్తుంది, మన రైతు బజార్‌లో నేర్చుకున్న విద్య ఇక్కడ పనికొస్తుంది. మానేసే తేదీ క్యాలెండర్‌లో పెట్టుకోండి. చందా రద్దుని కావాలనే కష్టం చేస్తున్నారని 2023 డిసెంబరులో న్యూయార్క్ అటార్నీ జనరల్ ఈ కంపెనీ మీద కేసు వేశారు, 2024 నవంబరులో కోర్టు రద్దు పద్ధతి ఫెడరల్ చట్టానికి విరుద్ధంగా ఉందని తేల్చింది. ఇంకో విషయం, చందా రేడియోకి కడతాం, మనిషికి కాదు, రెండు కార్లలో రెండు రేడియోలైతే రెండు చందాలు. ఇక్కడే డాకింగ్ రేడియోకి ఎక్కువ మార్కులు. రెండో కారులో ఇంకో డాక్ (పెట్టె కూర్చునే స్టాండు), యాంటెన్నా పెట్టుకుంటే అదే పెట్టెని పీకి అటూ ఇటూ మార్చుకోవచ్చు, చందా ఒకటే. లోపల బిగించిన ట్యూనర్‌తో ఈ సౌకర్యం ఉండదు, కారు అమ్మితే అదీ పోతుంది.

తమ్ముడి కారు దగ్గరికి వస్తే, ఆ సాయంత్రం వాడు టీ తాగుతుండగా నా పాత ఓనిక్స్ డాక్ పెట్టి, ఆక్స్ గుచ్చి, యాంటెన్నా కప్పు మీద అతికించి చూపించాను, ఇరవై నిమిషాలు. వాడికి నచ్చింది. వాళ్లావిడకి ఏసీ పక్కన వేలాడే వైర్ నచ్చలేదు. మరుసటి వారం పట్టీల కింద దాచి ఇస్తానని మాటిచ్చాను, రెండు గంటలు పట్టింది, ఓ ప్లాస్టిక్ క్లిప్పు విరిగింది. అంతా కలిపి వాడికి అయిన ఖర్చు కొత్త డాకింగ్ కిట్, ఒక ఆక్స్ వైర్, ఒక గ్రౌండ్ లూప్ ఐసొలేటర్, నాకో బిర్యానీ.